కొండనాలుక వెనకాల

నాకో జబ్బుంది. ఎవరైనా ‘ఇంతేనమ్మా, ఇక చేసేదేం లేదు’ అంటే ఆ మాట నాకు అరగదు. మా ఆయన దాన్ని మొండితనం అంటారు. ‘నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లు సువార్తా’ అని పెళ్లయిన కొత్తలోనే తేల్చేశారు. ఎనభై రెండు వేసవిలో ఆ మొండితనమే లేకపోతే మా రత్నం ఏమైపోయేదో తలుచుకోవడం కూడా నాకిష్టం ఉండదు.

రత్నం మా ఒక్కగానొక్క పిల్ల. అప్పటికి దానికి ఆరేళ్లు. మామిడికుదురులో నేను పనిచేసే ఎలిమెంటరీ స్కూల్లోనే ఒకటో తరగతి చదివేది. చదివేదని నేనంటున్నాను గాని, దాని క్లాసు టీచరు ఒప్పుకునేది కాదు. ఎప్పుడు చూసినా నోరు తెరుచుకుని, ముక్కు కార్చుకుంటూ, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. పిలిస్తే పలికేది కాదు. ‘టీచరుగారి అమ్మాయి వట్టి మొద్దండి, ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే’ అని ఆవిడ ఇంకొకావిడతో అంటుంటే నా చెవిన పడింది. నేను లోపలికి వెళ్లి, సుద్దముక్కలు తీసుకుని, ఏమీ విననట్టే బయటికొచ్చాను. ఆ పూట నా క్లాసు పిల్లల చేత ఎక్కాలు గోడలు అదిరేలా చెప్పించాను.

ఆ మార్చి నెలలో చెవులు పరీక్ష చేసేవాళ్లు స్కూలుకొచ్చారు. రత్నాన్ని గోడవైపు తిప్పి నిలబెట్టి వెనకనుంచి గంట వాయించారు. అది తిరగలేదు. చప్పట్లు కొట్టారు. అప్పుడూ తిరగలేదు. చెవుడని చెప్పి వెళ్లిపోయారు. ఆ వారమంతా దానికి జలుబు ఉందని నేను చెబితే, ‘జలుబు ముక్కుకి కదండీ’ అన్నారు.

నాకా మాట అరగలేదు. ఎందుకంటే రత్నం కొన్నాళ్లు బాగానే వినేది. ఎండలు కాసి జలుబు తగ్గిందంటే పెరట్లో నేను కోళ్లకు గింజలు చల్లుతూ పిలిచే పిలుపుకు కూడా అది లోపలినుంచి వచ్చేసేది. వానలు పట్టాయంటే మళ్లీ మామూలే. చెవుడైతే అన్ని రోజులూ చెవుడే కదా! చుట్టంలా వచ్చిపోయే చెవుడు ఎక్కడైనా ఉంటుందా? ఈ మాట ఎవరితో అన్నా, ‘తల్లివి కదమ్మా, నీకలాగే అనిపిస్తుంది’ అనేవాళ్లు. తల్లయితే మాత్రం కళ్లు కూడా పోతాయా?

మా అత్తగారు సూరమ్మగారి లెక్క వేరు. ఆవిడ దృష్టిలో మనిషికొచ్చే రోగాలన్నిటికీ మూలం కొండనాలుక. దగ్గొస్తే కొండనాలుక దిగినట్టు. అన్నం సయించకపోతే కొండనాలుక దిగినట్టు. రత్నం గురక పెడుతోంది, ముక్కుతో మాట్లాడుతోంది కాబట్టి ఇక సందేహమే లేదు. బొటనవేలికి మిరియాల పొడి, ఉప్పు అద్దుకుని దాని నోట్లో పెట్టి పైకి నొక్కేది. అదీ చాలదన్నట్టు నడినెత్తిన నాలుగు వెంట్రుకలు పట్టుకుని పైకి లాగేది. రత్నం ఏడుపు పక్క వీధిదాకా వినబడేది. ‘వద్దండీ అత్తయ్యగారూ’ అంటే, ‘లోపల ఏదో అడ్డం ఉందే అమ్మాయ్. నా మాట విను. పిల్లకి గాలాడట్లేదు’ అనేది.

ఇక మా బావగారు మత్తయిగారు. మా ఆయన ఏలీయాగారికి పెద్దన్నయ్య. రాజోలులో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, మా చర్చిలో సంఘపెద్ద. తమ్ముణ్ణి చదివించింది, తాలూకా ఆఫీసులో ఉద్యోగానికి పంపింది ఆయనే. ఆయన మంచివారు కాదని అన్నవాళ్లని నేను చూడలేదు, నేనూ అనను. మంచివాళ్లతో పోట్లాడడమే కష్టం. రత్నానికి చెవుడన్న మాట తెలియగానే ఆయన ఎండనక తిరిగి, ఎక్కడెక్కడివాళ్లనో పట్టుకుని, దూరంగా ఓ పట్నంలో చెవిటి పిల్లల బడిలో సీటు సంపాదించారు. హాస్టల్లో ఉండాలి. చేతులతో మాట్లాడడం నేర్పుతారు. జూన్‌లో చేర్పించాలి. నిజంగా వినబడని పిల్లలకు అది వరమే. నా పిల్లకి నిజంగా వినబడదా అన్నదే నా గొడవ.

మా క్రైస్తవుల్లో ఉద్యోగమొచ్చినా, జ్వరం తగ్గినా, సీటొచ్చినా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకోవడం ఆనవాయితీ. దేవుడు చేసిన మేలుకు నలుగురిలో స్తోత్రం చెప్పుకోవాలి. ఆ సీటు కోసం మే మొదటి వారంలో బావగారు మా ఇంటి ముందే పందిరి వేయించారు. నన్నడగలేదు. అడగాలని ఆయనకు తోచి ఉండదు.

పాస్టరు అయ్యగారు వచ్చారు. సంఘమంతా వచ్చింది. ఆ పొద్దుటే మా తోటలో కొబ్బరి దింపు తీయించడంతో వచ్చినవాళ్లందరికీ బొండాలు కొట్టి ఇచ్చారు. పిల్లలంతా పందిరి చివర వరసగా నిలబడి తాగుతున్నారు. బొండం తాగడం మా వైపు పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొట్టిన చోట నోరు ఆనించి, తల వెనక్కి వాల్చి, గుటగుటలాడించి, ఖాళీ బొండం కింద పడేస్తారు. రత్నం మాత్రం ఒక గుక్క తాగి, నోరు తీసేసి, ఎగశ్వాస పీల్చుకుని, మళ్లీ నోరు పెడుతోంది. పెట్టి తీసేలోపల నీళ్లన్నీ గౌను మీద కారిపోయాయి. పిల్లలు నవ్వారు. ‘ఆరేళ్లొచ్చినా బొండం తాగడం రాదు దీనికి’ అని ఎవరో అన్నారు.

అది చేతకాక కాదు. ఊపిరాడక. పక్క పిల్లాడు నోరు తీయకుండా తాగేస్తున్నాడంటే వాడికి గాలి ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఈలోగా అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. నేను స్తంభం చాటుకి వెళ్లి ఓ బొండం తీసుకుని తాగి చూశాను. హాయిగా దిగింది. తర్వాత రెండు వేళ్లతో ముక్కు బిగించి పట్టుకుని తాగాను. ఒక గుక్క, అంతే. నోరు తీసి రొప్పాల్సి వచ్చింది. చీరంతా తడిసింది. అచ్చం రత్నంలాగే.

తలెత్తేసరికి మా అత్తగారు ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది.

“ఏంటే అది, ప్రార్థనలో?” అంది గుసగుసగా.

“దానికి ముక్కులోంచి గాలి రావట్లేదండి అత్తయ్యగారూ. బొత్తిగా రావట్లేదు.”

“నేను మొదట్నుంచీ మొత్తుకుంటంది అదే కదా!” అంది ఆవిడ. ‘ఆమెన్’ అని అందరూ అన్నదానికంటే ఆ మాటే గట్టిగా వినిపించింది.

కూడిక అయ్యాక బావగారితో చెప్పాను. ముక్కు సంగతి తేలేదాకా పిల్లని పంపననన్నాను. ఆయన కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“దేవుడికి స్తోత్రం చెల్లించేం కదమ్మా. నలుగురూ విన్నారు. ఇచ్చిందాన్ని ఇప్పుడు వద్దంటే ఏం బావుంటుంది?”

“దేవుడు సీటిచ్చేడో, ముక్కు సంగతి చూపించేడో మనకెలా తెలుస్తుందండి?” అన్నాను.

మా ఆయన చెప్పులు వెతుక్కునే నెపంతో వంగిపోయారు.

మర్నాడే అమలాపురం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన టార్చి వేసి గొంతు చూశారు. టాన్సిల్స్ బాగానే ఉన్నాయన్నారు, ముక్కులో దూది పెట్టి తుడిచి ఏమీ అడ్డం లేదన్నారు. మరి గాలెందుకు రావడం లేదని నేను కుర్చీలోంచి లేవలేదు. “చూడండి టీచరుగారూ, ముందు నుంచి చూస్తే ముక్కు, నోట్లోంచి చూస్తే గొంతు. ఆ రెంటికీ మధ్యన, వెనకాల ఏముందో చూసే సాధనం నా దగ్గర లేదండి. కాకినాడలో సూర్యారావుగారని చెవి ముక్కు గొంతు డాక్టరున్నారు. ఆయన చూస్తేగాని తేలదు,” అన్నారు. తనకు తెలియదని చెప్పిన డాక్టరుని నేను ఆయన్ని తప్ప ఇంకొకర్ని చూడలేదు.

“అన్నయ్యకి చెప్పకుండా కాకినాడ ఏంటి సువార్తా?” అన్నారు మా ఆయన.

“చెప్పండి. నేను వద్దన్నానా? మీరు చెప్పి వచ్చేలోపల నేను వెళ్లొచ్చేస్తాను.”

“నేనూ వస్తాను,” అంది మా అత్తగారు వెంటనే, వక్కాకు సంచీ సర్దుకుంటూ. “అది కొండనాలుకేనని ఆ డాక్టరు నోటితోనే చెప్పిస్తాను.”

అలా బయల్దేరాం ముగ్గురం. అమలాపురంలో బస్సు మారి ఎదుర్లంక రేవులో దిగి, పంటు మీద గోదావరి దాటి, యానాంలో మళ్లీ బస్సెక్కాం. పంటు మీద మా అత్తగారు కనబడినవాళ్లందరికీ కొండనాలుక గురించి చెప్పింది. రత్నం నా ఒళ్లో తలపెట్టి, నోరు తెరుచుకుని, అంత ఎండలోనూ గురకపెట్టి నిద్రపోయింది. దాని నిద్ర ఎప్పుడూ అలాంటిదే, ఎంత పడుకున్నా తీరేది కాదు.

సూర్యారావుగారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పిల్లని ముట్టుకోకుండానే చాలాసేపు ఊరికే చూశారు. ఆ తెరిచిన నోరు, కళ్ల కింద నలుపు, వాడిపోయిన మొహం. తర్వాత దాని దగ్గరికి వంగి, గట్టిగా అడిగారు.

“మీ ఊరేంటమ్మా?”

“బాబిడికుదురండి.”

నాకు సిగ్గేసింది. ‘మ’ని ‘బ’ అనడం దాని ముద్దుమాటని ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్లం. ఆయన నవ్వలేదు. తలాడించి, చిన్న అద్దం తీసి దాని ముక్కు కింద పెట్టారు. “నోరు మూసుకోమ్మా, కాసేపే,” అన్నారు. అది మూసుకుంది. అద్దం మీద ఆవిరి మచ్చైనా పడలేదు. రత్నం మొహం ఎర్రబడి నోరు తెరిచేసింది. అదే అద్దాన్ని తుడిచి నా ముక్కు కింద పెట్టారు. మసకబారిపోయింది. చూశారా అన్నట్టు దాన్ని నా చేతికిచ్చారు.

చెవిలోకి దీపం వేసి చూశారు. మెడ పక్కనుంచి ఎక్స్‌రే తీయించారు. ఆ నల్లటి ఫిల్ముని కిటికీకి ఆనించి, వేలు పెట్టి చూపించారు. “ఇది ముక్కు. ఇది గొంతు. గాలి వెళ్లే దారి నల్లగా కనబడాలి. ఇక్కడ చూడండి, తెల్లగా బుడిపెలా ఉంది. అడినాయిడ్స్ అంటారు. ముక్కు వెనకాల పిల్లలందరికీ కాస్త కండ ఉంటుంది, పెద్దయ్యాక అదే కరిగిపోతుంది. ఈ పాపకి దారి మూసేసేంత పెరిగింది.”

“మరి చెవుడండి?”

“చెవి లోపలినుంచి సన్నటి గొట్టం ఒకటి సరిగ్గా అక్కడికే వచ్చి తెరుచుకుంటుందండి. దాని నోరు కూడా ఇది మూసేసింది. కర్ణభేరి వెనకాల నీరు నిలిచిపోయింది. జలుబు చేసినప్పుడు ఎక్కువవుతుంది, తగ్గినప్పుడు కాస్త వినబడుతుంది.”

నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. ఇన్నాళ్లూ నేను మొత్తుకున్న మాట ఇంకొకరి నోటివెంట రావడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది గాని, ఏడవడానికి ముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి.

“తూముకి చెత్త అడ్డం పడితే చేలో నీరు నిలిచినట్టన్నమాట,” అంది మా అత్తగారు.

“ఆయ్, అంతేనండి పెద్దమ్మగారూ.”

“అయితే కొండనాలుక కాదంటారు?” ఆవిడ గొంతులో దిగులు దాగలేదు.

ఆయన మొదటిసారి నవ్వారు. “దాని వెనకాలేనండి, కాస్త పైన. మీరు ఊరు కనుక్కున్నారు, వీధి తప్పేరు. ఇకనుంచి బొటనవేలు మాత్రం పెట్టకండి.”

ఆపరేషన్ చేసి ఆ కండ తీసెయ్యాలన్నారు. చెవుల్లో నీరు కూడా అప్పుడే తీసేస్తానన్నారు. వినికిడి వస్తుందా అని అడిగాను. “రావాలండి. ఎంత వస్తుందో, ఎప్పటికి వస్తుందో ముందే చెప్పలేను. ఇన్నాళ్లు నీరు నిలిచిన చెవులు,” అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద గౌరవం కలిగింది, భయమూ వేసింది.

ఆపరేషన్ మాట వినగానే బావగారు రాజోలునుంచి వచ్చేశారు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడారు.

“కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దవాళ్లు ఊరికే అన్లేదమ్మా. ఏదో కాస్త మాటలాడుతోంది పిల్ల. మత్తిచ్చి గొంతులో కోస్తే ఆ మాట కూడా పోతే? పూచీ ఎవరు?”

“నేనేనండి.”

“నువ్వొక్కదానివే నిర్ణయించేస్తే ఎలాగమ్మా? రేపు ఏదన్నా అయితే...” ఆయన భయం నాకు అర్థమైంది. ఆయన తన సీటు కోసం కాదు, రత్నం కోసమే భయపడుతున్నారు. నాకు అంతకంటే ఎక్కువ భయంగా ఉంది.

లోపల్నుంచి మా అత్తగారు వచ్చింది. “ఒరేయ్ మత్తయీ, కొండనాలుక జోలికి ఎవరూ వెళ్లట్లేదురా. దాని వెనకాల ఉన్నదాన్ని తీస్తున్నారు. నేను నా కళ్లతో చూసేను, ఫొటోలో.”

బావగారు తమ్ముడివైపు తిరిగారు. మా ఆయన అన్నగారి ముందు గొంతెత్తగా నేనెప్పుడూ చూడలేదు. అప్పుడూ ఎత్తలేదు.

“సెలవు పెట్టేసేనన్నయ్యా,” అన్నారు నేలచూపులు చూస్తూ. “సోమవారం వెళ్తన్నాం.”

బావగారు మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయారు.

ఆపరేషన్ గది తలుపు మూసినప్పుడు రత్నం నన్ను చూసి చెయ్యి ఊపింది. అలా ఊపాలని దానికి ఎవరు చెప్పారో తెలియదు. మేం బయట బల్ల మీద కూర్చున్నాం. మా ఆయన ప్రార్థన చేసుకుంటున్నారు. మా అత్తగారు వక్కాకు సంచీ విప్పడం మరిచిపోయింది. డాక్టరుగారు బయటికొచ్చి, కండ పూర్తిగా వచ్చేసిందని, చెవుల్లోంచి తీసింది నీరు కాదు, బంకలా చిక్కగా ఉందని చెప్పారు. “ఇక ఓపిక పట్టాలండి,” అన్నారు.

ఓపిక నాకు దేవుడివ్వని వరం. ఇంటికొచ్చాక రత్నం గొంతు నొప్పని సరిగా తినలేదు, మాట్లాడలేదు. నోరు మూసుకుని నిద్రపోయేది. ఊపిరి ఎంత మెల్లగా ఉండేదంటే దగ్గరికెళ్లి చూసుకోవాల్సి వచ్చేది. అంతవరకూ సంతోషమే. వినికిడి మాత్రం తేలలేదు. వెనకనుంచి పిలిస్తే ఒకసారి తిరిగేది, రెండుసార్లు తిరిగేది కాదు. అది వినబడకో, నీరసమో, అలకో తెలిసేది కాదు. గిన్నెలు కావాలని కింద పడేసేదాన్ని. మా ఆయన, ‘గిన్నెలన్నీ సొట్టలు పోతన్నాయి, వదిలెయ్యి సువార్తా’ అనేవారు. స్కూళ్లు తెరిచే రోజు దగ్గరపడింది. ఇంత చేసీ దాన్ని పంపించాల్సే వస్తే, దాని గొంతు కోయించి మరీ పంపిన తల్లినవుతానని లోపల లోపల కుమిలిపోయాను. పైకి మాత్రం దాని పుస్తకాలకు అట్టలు వేశాను, మామిడికుదురు స్కూలు పుస్తకాలకే.

తొలకరి పడిన మధ్యాహ్నం బావగారు వచ్చారు. గొడుగు ముడిచి వరండాలో కూర్చున్నారు. మా ఆయన ఎదురుగా కూర్చున్నారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. మధ్య గదిలో రత్నం వాళ్లకు వీపు పెట్టి, చాప మీద చింతపిక్కలాడుకుంటోంది. దాని ముందు ఏదైనా మామూలు గొంతుతో మాట్లాడేసుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

“సీటు ఇంకా ఉంచేరురా ఏలీయా,” అన్నారు బావగారు. “ఈ ఆదివారం దాటితే వేరేవాళ్లకిచ్చేస్తారంట. నేను సువార్తని తప్పు పట్టట్లేదు. తల్లి చెయ్యాల్సింది చేసింది. వినబడితే నాకంటే సంతోషించేవాడెవడు? కానీ ఇప్పటిదాకా ఏం కనబళ్లేదు కదా. ఒక్క ఏడాది పంపి చూద్దాం. పిల్లకి ఏడాది పోకూడదు కదా.”

నేను కాఫీ గ్లాసులు చేతిలోకి తీసుకున్నాను.

“నేను వెళ్లనండి పెదనాన్నగారూ.”

రత్నం తల కూడా తిప్పలేదు. చింతపిక్క ఎగరేసి పట్టుకుంటూనే అంది.

మా ఆయన లేవబోయారు. బావగారు చెయ్యెత్తి ఆపారు. ఆయన మొహం వీధివైపు తిప్పుకున్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన ఆ గొంతు అంత కిందికి దిగగా నేనెప్పుడూ వినలేదు. వాన చప్పుడులో అది నాకే సరిగా అందలేదు.

“ఎక్కడికమ్మా?”

చింతపిక్కల చప్పుడు ఆగింది.

“ఆ దూరం బడికండి. నాకిక్కడే బావుందండి.”

గ్లాసులు గట్టు మీద పెట్టేసి నేను పొయ్యి దగ్గర చతికిలబడ్డాను. అంతవరకూ దాచుకున్నదంతా ఒక్కసారే వచ్చేసింది. చప్పుడవకుండా చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వరండాలో బావగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

“సరేనమ్మా,” అన్నారు వీధివైపే చూస్తూ, అదే చిన్న గొంతుతో. “వద్దులే.”

“ఆయ్,” అంది రత్నం.